పొగ అంటనివాడు

కరీంనగర్ దవాఖాన,
మంగళవారం

నా యాదవ్వకు, ప్రభువు నిన్ను చల్లగా చూడాలని కోరుతూ నీ రాజయ్య రాస్తున్నది.

ఫోన్‌లో రెండు మాటలకే ఆయాసం వస్తున్నది. అందుకే కాగితం పట్టాను. నన్ను చూడవచ్చిన మన పక్కింటి హనుమండ్లు మంచిర్యాల బస్సులో తిరిగొస్తూ దీన్ని నీకు తెచ్చిస్తానన్నాడు.

మన ప్రార్థన మందిరం పక్క పాతసామాన్ల గోదాములో వైర్లు, స్పాంజి పరుపులు అంటుకున్న రోజు అక్కడ కావలి కాసే కైలాసాన్ని భుజాన వేసుకొచ్చాను కదా. వాడు తేరుకున్నాడు. నా ఒంటి మీద బొబ్బయినా లేదు. తెల్లారి మందిరంలో వాక్యం చెబుతూ ఏమన్నాను? బైబిల్లో అగ్నిగుండంలోంచి బయటికొచ్చిన ఆ ముగ్గురు భక్తులకు పొగ వాసనైనా అంటలేదు, నాకూ అంటలేదు అని గర్జించాను. ఆ సాయంత్రమే నల్లటి కళ్ళె పడింది, ఊపిరి అందలేదు. ప్లాస్టిక్ పొగ విషమట. లోపలి గొట్టాలు వాచాయని, ఆ వాపు ఆలస్యంగా బయటపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ముక్కుకు ఆక్సిజన్, పూటపూటకూ మందు ఆవిరి. మూడు గుండ్లున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతికిచ్చి, దాని గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరితో గుండ్లు లేపితే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయన్నారు. వాక్యం చెప్పే బలమంతా పెట్టి ఊదుతున్నాను. ఒక్క గుండూ కదలదు.

అలసిపోయాను యాదవ్వా. చచ్చిన ఊపిరితిత్తులకు మందులెందుకు? ఇచ్చినవాడే తీసుకుంటున్నాడు. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నా: శనివారం, నా ఇష్టంతోనే పోతున్నానని సంతకం పెట్టి ఇంటికొచ్చేస్తాను.

నీ రాజయ్య

*

శుక్రవారం

కోపంలో ఉన్న నా యాదవ్వకు,

నీ కబురు హనుమండ్లు నీ గొంతుతోనే అప్పజెప్పాడు: "నయం గాకముందు గడప తొక్కితే గదే బస్సుకు వాపసు తోలుతనని చెప్పు!" వార్డంతా నవ్వింది. నేను నవ్వబోతే దగ్గొచ్చింది.

అప్పుడే నర్సు నవత వచ్చి, డబ్బాతో నా తంటాలు చూసింది.

"ఏంది పెద్దయ్యా, ఊదుతున్నవ్? ఊదుడు కాదు, గుంజాలె! బీడీ గుంజినట్టు గుంజు."

"జన్మల బీడీ ముట్టలే బిడ్డా. ముట్టినోళ్ళను తిట్టుకుంటనే ముసలోణ్ణయిన."

"అయితే గిప్పుడు నేర్సుకో."

వాక్యం చెప్పేవాడికి ఊదడం తప్ప ఏం తెలుసు? పెదవులు బిగించి లోపలికి గుంజాను. రొమ్ములో మంట పుట్టింది. ఒక గుండు లేచింది, ఊగింది, పడిపోయింది. నవత చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది.

మునుపటి ఊపిరి పూర్తిగా రాకపోవచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అలసట కూడా పోలేదు. అయినా శనివారం రావడం లేదు. వాళ్ళు పొమ్మన్నదాకా ఇక్కడే ఉంటాను.

ఆదివారం వాక్యం నువ్వే చెప్పు. ఆడమనిషికి ఎందుకని ఎవరైనా గొణిగితే, నేనే చెప్పమన్నానని అను. నాలాగా అరవకు. నోరు తెరిచేముందు నిండా ఊపిరి తీసుకో.

నీ మాట వినే
రాజయ్య