లెక్కలు వచ్చిన పిల్ల

నాన్నగారి పాదాలకు మీ ఉమ దణ్ణం పెట్టి రాస్తోంది. ఇంగ్లండులో అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. రావులపాలెంలో మీరూ నాయనమ్మా ఎలా ఉన్నారు? నాయనమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? తెల్లారగట్టే ఏమీ తినకుండా మార్కెట్‌కి వెళ్లిపోకండి. అరటి గెలల ధర పడిపోయిందన్నారు, బెంగ పెట్టుకోకండి.

ఇక్కడి వాన మన వానలా దంచి కురిసి ఊరుకోదు, రోజంతా సణుగుతూనే ఉంటుంది. అమ్మకి ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు ఎక్కువయ్యాయి. అన్నం నేనే వండుతున్నాను, నిజంగానే, మాడకుండా. వీలుంటే కాస్త కందిపొడి పంపించండి. నేను బాగానే ఉన్నాను. మొన్న ఫోన్లో గొంతు అదోలా ఉందేంటని అడిగితే జలుబన్నాను కదా, అది జలుబు కాదు. పక్కన అమ్మ ఉంది, చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నాకు లెక్కలు ఎంత వచ్చో మీకు తెలియంది కాదు. "మీ అమ్మాయికి లెక్కలు చెప్పడం దున్నపోతు మీద వాన కురిసినట్టేనండి" అని ట్యూషన్ మాస్టారు మీతోనే అన్నారు. ఇక్కడ బళ్లో చేరిన రోజే లెక్కల మాస్టారు నన్ను చూసి, "ఇండియానా! అయితే లెక్కల్లో దిట్టవన్నమాట" అంటూ బాగా చదివేవాళ్లందరినీ కూర్చోబెట్టే పై క్లాసులో వేసేశారు. నాకు రావండి అన్నాను. మీవాళ్లంతా ఇలాగే అంటారని నవ్వారు. అంతకుముందు ఒక గుజరాతీ అబ్బాయి రాదు రాదంటూనే ఫస్ట్ వచ్చాడట. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ గర్వంగానే ఉంది. రావులపాలెంలో మొద్దుని, విమానం దిగేసరికి మేధావినైపోయాను!

ఆ క్లాసులో నా పక్కన మాక్సీన్ కూర్చునేది. నల్లమ్మాయి, వాళ్ల తాతగారు జమైకా నుంచి వచ్చారట. నేను బిక్కమొహం వేసుకుని కూర్చోవడం తనే కనిపెట్టింది. మధ్యాహ్నం తినే వేళలో కాగితం మీద లెక్కలు వేసి చూపించేది. మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కునేది కాదు. "సూత్రం బట్టీ పట్టకు, ఎందుకలా వచ్చిందో అడుగు" అనేది. నాకిక్కడ ఉన్న ఒక్కగానొక్క స్నేహితురాలు తనే, నాన్నగారూ.

పోయిన వారం హోంవర్కులో మిగతా అందరికీ తప్పిన లెక్క మా ఇద్దరికే ఒప్పయింది. ఇద్దరం ఒకే పద్ధతిలో చేశాం, తను నేర్పిందే కదా. మాస్టారు ఇద్దర్నీ పిలిచి, ఎవరు ఎవరిది చూసి రాశారని అడిగారు. అడుగుతూ మాక్సీన్ వైపే చూశారు. తను ఆయన కళ్లలోకి సూటిగా చూసి, "ఎవరూ చూసి రాయలేదు, నేనే ఉమకి నేర్పాను" అంది. అవునండి, తనే నేర్పింది, నాకు రాదు అని నేనూ చెప్పాను. కానీ ఎలా చెప్పాను? చేతులు కట్టుకుని, తల వంచుకుని, నేల చూపులు చూస్తూ. మన బళ్లో మాస్టారి కళ్లలోకి చూస్తే పొగరంటారు కదా! ఈయన దాన్ని వినయం అనుకున్నారు. స్నేహితురాల్ని వెనకేసుకొస్తున్నాననుకున్నారు. "మీ ఇండియా పిల్లలు ఎంత మంచివాళ్లు!" అని నన్ను మెచ్చుకుని, నాది చూసి రాసిందని మాక్సీన్‌ని కింది క్లాసుకి పంపేశారు.

మర్నాడు మళ్లీ వెళ్లాను, ఈసారి తలెత్తే చెప్పాను. ఆయనకి నా మీద గౌరవం ఇంకా పెరిగింది. అమ్మని వచ్చి మాట్లాడమంటే, "ఏంటే నీ గోల? మంచిదానివనే కదా అంటున్నారు, అననీ. ఊరు కాని ఊళ్లో మనకెందుకు చెప్పు" అంది. పైగా మా అమ్మాయికి లెక్కలు బాగా వచ్చని ఆస్పత్రిలో నర్సులందరికీ చెప్పేసుకుంది.

కింది క్లాసు వాళ్లకి పరీక్షే వేరట, ఎంత బాగా రాసినా పెద్ద మార్కులు రావట. మాక్సీన్ ఇంజనీరు అవుతాననేది. గేటు దగ్గర కనిపిస్తే క్షమించమని ఏడ్చాను. తిట్టలేదు. "నీకు రాదన్నా వచ్చంటారు. నాకు వచ్చన్నా నమ్మరు. నువ్వేం చేస్తావులే" అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు మాస్టారు నన్ను పొగిడినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను. మొదటి రోజే ఆ మాటకి మురిసిపోకుండా ఉండాల్సింది.

వచ్చే నెల బళ్లో తల్లిదండ్రుల మీటింగు ఉంది. అమ్మ మీ మాట కాదనదు. ఉమకి లెక్కలు రావు, ఆ పిల్లే నేర్పిందని ఆ మాస్టారితో అమ్మనే చెప్పమనండి. నన్ను కింది క్లాసులో కూర్చోబెట్టినా ఫరవాలేదు.

నాయనమ్మకి నా దణ్ణాలు చెప్పండి, నన్ను దీవించమనండి. బాబాయికీ పిన్నికీ నమస్కారాలు. అన్నట్టు, మా అమ్మాయి ఇంగ్లండులో లెక్కల్లో ఫస్టని మీరు మార్కెట్లో అందరికీ చెబుతున్నారట, బాబాయి చెప్పాడు. చెప్పుకోవద్దని అనలేను, నాన్నగారూ. కాకపోతే ఆ లెక్కలు నేర్పింది మాక్సీన్ అనే పిల్ల అని కూడా చెప్పండి. ఇక్కడ నేను చెబితే ఎవరూ నమ్మడం లేదు. అక్కడ మీరు చెబితే నమ్ముతారు.

మీ దీవెనలు కోరుతూ,
మీ ఉమ