ఆఖరిదాకా వెలిగిన పేరు

అంతియొకయ నుంచి నాన్న మాల్కుగారికి దొమ్నీన నమస్కారాలు.

పిల్లాడికి జ్వరం తగ్గింది, పాలు తాగుతున్నాడు, బెంగపడకండి. నిన్న పేరు కూడా పెట్టాం. వరసగా దీపాలు పెట్టి, దీపానికో పేరు చొప్పున వెలిగించారు, ఆఖరిదాకా వెలిగినదే వాడి పేరు. మామగారి పేరుతో పెట్టింది ముందే కొండెక్కింది, మీది మిగిలింది. మీ దీపం వత్తిని నూనె ఎక్కువసేపు రావాలని అత్తగారే చాటుగా లోపలికి లాగి మంట తగ్గించడం నేను చూశాను. అడిగితే, "నోర్ముయ్యవే! మీ నాన్న అంత జబ్బులోంచి లేచి కూర్చున్నాడు. ఆ పేరుకే ఆయుష్షు గట్టిది" అంది.

మన గానుగ నూనె ఒక జాడీ పంపండి. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

మీ పేరు పెట్టి పిలవడానికి నాకింకా నోరు రావడం లేదు. అత్తగారు మాత్రం "ఒరే మాల్కూ, మళ్లీ పక్క తడిపావా!" అని పొద్దుటి నుంచి హాయిగా తిడుతోంది.