పన్నెండున్నర రాయను

నిమ్‌పురా,
బుధవారం

మావయ్యా,

నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. "ఆ మేడమ్‌కి ఓ కాయితం మీద సారీ రాసిచ్చీమను, దాని సొమ్మేటి పోద్ది?" అని అమ్మతో అన్నావట. ఈ ల్యాబ్ టెక్నీషియన్ సీటు నువ్వు నలుగురినీ బతిమాలితే దొరికిందని నాకు గుర్తుంది. అయినా రాయను.

మా క్లాసులో ఇద్దరిద్దరం కూర్చుని ఒకరి వేలికి ఒకరం సూది గుచ్చి హీమోగ్లోబిన్ చూస్తాం. ఏటేటా అందరూ సీనియర్ల రికార్డు చూసి పన్నెండున్నర అని దించేస్తారు. నాకు ఏడు వచ్చింది. మూడుసార్లు చూసినా ఏడే. అదే రాశాను. మేడమ్ ఎర్ర సిరాతో కొట్టేసి, "సబ్‌కా ఠీక్ హై, తుమ్హారా హీ గలత్?" అంది, అందరిదీ సరిగ్గా ఉంటే నీదొక్కటే తప్పా అని. మళ్ళీ గుచ్చి మీరే చూడండి అన్నాను. అదే నా పొగరట.

నువ్వు షెడ్డులో వ్యాగన్ చక్రాల అరుగుదల కొలుస్తావు. గేజీ చూపించింది రాస్తావా, పక్క చక్రం అంకె దించుతావా? అరిగిన చక్రాన్ని బాగుందని రాసినవాడి కాలర్ పట్టుకున్నది నువ్వే కదా. నేను నీ మేనకోడల్ని.

ఇంకో మాట. ఆ రోజు నేను గుచ్చింది ఎవరి వేలికో నువ్వు అడగలేదు. క్లాసులో నా పక్కనే కూర్చునే మన రాధారాణి వేలికి. ఏడంటే ఒంట్లో రక్తం దాదాపు సగమే ఉన్నట్టు. "నాన్నకి సెప్పకే, కంగారు పడతాడు" అని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడే తప్పాను. రేపు డ్యూటీకి సెలవు పెట్టి నీ కూతుర్ని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళు. అక్కడ పన్నెండున్నర వస్తే మేడమ్‌కొకటి, నీకొకటి సారీ రాసిస్తాను.

నీ మేనకోడలు