తెగని తొక్క

మార్చి 4, సోమవారం
రాత్రి సీరియల్‌లో ఈ వారం ఏం జరగబోతోందో ఛానల్ ముందుగానే పంపుతుంది. దాన్ని మా కరువారు ఊరి పత్రికకు టైపు చేయడం నా ఉన్నతోద్యోగం. సాహిత్యంలో డిగ్రీ ఇందుకే చేశాను.
సీరియల్‌లో అమారో, నిల్డో లారీ డ్రైవర్లు. పన్నెండేళ్లు ఒకే క్యాబిన్‌లో తిరిగారు. ఒకరి నేరం ఒకరు నెత్తిన వేసుకుని జైలుకెళ్లారు. ఛానల్ దీన్ని స్నేహం అంటుంది. ఆ పాత్రలతోనే ఇంటర్నెట్‌లో సొంత కథలు, అంటే ఫ్యాన్‌ఫిక్షన్, రాసే మేం ప్రేమ అంటాం.

మార్చి 6
నా కథలో ఇవాళ్టి భాగం కుదిరింది. నిల్డో కత్తితో నారింజ ఒలుస్తాడు, తొక్క తెగకుండా, ఒకటే చుట్ట. సగం అమారో చేతిలో పెడతాడు. తర్వాత ముద్దు.
నారింజ నా సొంతం కాదు. మా పెరట్లో డొమినోలు ఆడుతూ ఒస్మార్ మామయ్య ముప్పై ఏళ్లుగా పక్కింటి వాల్డిర్ గారికి అలాగే ఒలిచిస్తున్నాడు. ముద్దు మాత్రం నాది.

మార్చి 10, ఆదివారం
ఫైళ్లు తారుమారయ్యాయి. ఛానల్ పంపినదాని బదులు నా కథ పత్రికలో అచ్చయింది.
మామయ్య ప్రతి ఆదివారం ఆ పేజీ వాల్డిర్ గారికి పైకి చదువుతాడు. నారింజ దగ్గర చదవడం ఆపేశాడు. మిగతాది వాల్డిర్ గారు కళ్లజోడు పెట్టుకుని తనే చదువుకున్నారు.

మార్చి 14
టీవీలో అమారో నిల్డో భుజం తట్టి, నిల్డో చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడు. ముద్దు ఎందుకు కోసేశారని పత్రికకు ముప్పై ఒక్క ఫోన్లు. ఎడిటరమ్మ నన్ను మరణవార్తలకు మార్చింది. అక్కడ కల్పన కుదరదట.

మార్చి 15, మధ్యాహ్నం 3
డొమినోలు లేవు. ఐదు రోజులైంది. మామయ్య గదిలోంచి రాడు. ఇద్దరు మగవాళ్ల ప్రేమలో సిగ్గుపడాల్సిందేముందని ఉపన్యాసమిచ్చాను.
"తప్పని నేనన్నానా? మా సంగతికి పేరు పెట్టమని నిన్నెవరడిగార్రా? ముప్పై ఏళ్లు ఆలోచించకుండా ఒలిచాను. ఇప్పుడు కత్తి పడితే చెయ్యి కదలట్లేదు."
పేరు పెట్టదని ఛానల్ మీద నా కోపం. పెట్టానని మామయ్యకు నా మీద. ఇద్దరి కోపంలోనూ న్యాయం ఉండటం కంటే చిరాకైన విషయం లేదు.

మార్చి 17
వాల్డిర్ గారు పెరట్లో ఒక్కరే గంటసేపు కూర్చున్నారు. తర్వాత అమారో ఏమయ్యాడని అడిగారు. పెళ్లయిందన్నాను. టీవీ సంగతి కాదట, నేను రాసిందాంట్లో. రాయడం ఆపేశానన్నాను.
తలూపి వెళ్లిపోయారు.

మార్చి 22
వాల్డిర్ గారు నారింజలు తెచ్చి, తనే ఒలవడం మొదలుపెట్టారు. తొక్క తొమ్మిది ముక్కలైంది. పదో ముక్కకు మామయ్య గదిలోంచి వచ్చి కత్తి లాక్కున్నాడు.
ఈసారి చూడకుండా నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.