కొత్త బేస్ గిటారు, నా వేలి నొప్పి

అక్కయ్యకు నమస్కారాలు. వేలి నొప్పితో నేను వాయించడం మానేయాల్సి వస్తుందని దిగులుపడకు. నిన్న కొత్త ఎలక్ట్రిక్ బేస్ గిటారు కొన్నాను. అలవాటు కొద్దీ తీగను గట్టిగా అదిమితే స్వరం వంకరపోయింది. "అన్నా, దాని పీక నొక్కుతావెందుకు? ఊరికే వేలు ఆనించు," అన్నాడు దుకాణం ఆయన. ఆనించాను. ఆ మంద్రనాదం చెవికన్నా ముందు ఎముకలకు తెలిసింది. నా చేతికింద పుట్టిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. నా పాత గిటారు తీగలు దాని మెడ పలకకు మరీ ఎత్తులో ఉన్నాయట, అందుకే అంత గట్టిగా అదమాల్సి వచ్చేదట. నేర్పేవాళ్ళు లేక, వాయించడమంటేనే నొప్పి అనుకున్నాను. పాతది మేనకోడలికి ఇస్తానన్నాను కదా, తీగల ఎత్తు తగ్గించాకే పంపుతాను. బావగారి దగ్గు తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? మేనకోడలికి నా ఆశీస్సులు. వేలు నొప్పెడితే నాలాగా ఓర్చుకోవద్దనీ, వెంటనే నాకు రాయమనీ చెప్పు.

నీ తమ్ముడు