మూత బల్ల మీదే ఉంది

పెద్దసారు గారికి, మీ ప్రయోగశాల తుడిచే అమ్మాయి నమస్కారం చేసి రాస్తున్నది.

మీ ఎదుట నిలబడితే నాకు నోరు పెగలదు. అందుకని చదివిన ఐదు తరగతుల ధైర్యంతో రాస్తున్నాను.

పల్చటి లోహపు పొర ఉన్న పలకను నేను గుడ్డతో తుడిచి పాడుచేశానని, మీ కింద ఆ పలక పని చూసే చిన్నసారు కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. "పెట్టేయవే, పెద్దవాళ్ళతో మనకెందుకు? ఇంకోచోట పని దొరక్కపోతుందా?" అన్నారు మా ఆయన. నేను పెట్టను. ఆ పలకను నేను ముట్టనే లేదు.

సోమవారం దాన్ని చల్లబరుస్తున్నప్పుడు, బయటి అయస్కాంత ప్రభావం పలకకు సోకకుండా అడ్డుకునే డబ్బా మూత బల్ల మీదే ఉంది. ఎత్తి కింద దుమ్ము తుడిచాను. "మూత ఇక్కడుందండీ" అన్నాను కూడా. "నీ చీపురు సంగతి నువ్వు చూసుకో తల్లీ" అన్నారు చిన్నసారు.

చల్లబడేటప్పుడు అయస్కాంత ప్రభావం సోకితే అది పొరలో ఇరుక్కుంటుందని, అప్పుడు మైక్రోవేవ్ తరంగం ఎక్కువసేపు నిలవదని, మళ్ళీ వెచ్చబరిస్తే గానీ వదలదని మీరు పాఠం చెబుతుంటే తడిగుడ్డ పెడుతూ విన్నాను. ఇప్పుడు ఆ పలకలో తరంగం నిలవడం లేదనే కదా గొడవ.

కాబట్టి పలకను ఒకసారి వెచ్చబరిచి, మూత పెట్టి, మళ్ళీ చల్లబరచండి. నా గుడ్డ తగిలి గీతలు పడి ఉంటే పొర బాగుపడదు. అప్పుడు మీరు పొమ్మనక ముందే పోతాను. బాగుపడితే మాత్రం ఆ కాగితాన్ని చిన్నసారే నా ఎదుట చించాలి.

ఈ సంగతి తేలేదాకా మీరు నన్ను పనిలోకి రావద్దన్నారట. రేపు ఎప్పటిలాగే ఏడింటికి వస్తాను.