వాడి తల పగలగొట్టింది నేనే

చెల్లెమ్మకు,

మెట్ల మీద జారిపడ్డానని మీ ఆయన ఆసుపత్రి నుంచి నీకు ఫోన్లో చెప్పాడట. అబద్ధం. వాడి తల పగలగొట్టింది నేనే.

ప్రమోషన్ వచ్చిందని నిన్న మధ్యాహ్నం నన్ను ఖరీదైన చైనీస్ రెస్టారెంటుకు తీసుకెళ్లాడు. వడ్డించే అమ్మాయి నూడుల్స్ బదులు ఫ్రైడ్ రైస్ తెచ్చింది. "సారీ సార్, ఇప్పుడే మార్చి తెస్తాను" అంటుండగానే, పొగలు కక్కుతున్న సూప్ గిన్నె ఎత్తి ఆమె చేతుల మీద కుమ్మరించాడు. ఆ పిల్ల పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. వాడు మాత్రం నవ్వుతూ, "ఇంట్లో దానికీ ఇలాగే నేర్పానురా, ఇప్పుడు ఒక్క తప్పూ చెయ్యదు" అన్నాడు.

నాకు ఒళ్లు తెలియలేదు. పింగాణీ టీ కూజా వాడి నెత్తిన బద్దలుకొట్టాను. కిందపడ్డాక కూడా తన్నాను. ఇరవై ఏళ్లుగా నా స్నేహితుడైనవాణ్ణి నెత్తురోడేలా కొట్టానమ్మా.

ఆ అమ్మాయి తరఫున పోలీసులకు వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్తున్నాను. నా మీదా కేసు పెడతారు, పెట్టనీ. ఎండాకాలంలోనూ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటావని నిన్ను ఎన్నోసార్లు ఆటపట్టించాను. క్షమించు.

ఈ ఉత్తరం తెచ్చిన మీ వదిన గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. సాయంత్రం వాణ్ణి ఆసుపత్రి నుంచి పంపేస్తారు. ఆలోగా బట్టలు సర్దుకుని ఆమెతో వచ్చెయ్యి తల్లీ.

నువ్వు అన్నయ్యా అని పిలిచేవాడు